యార్క్‌లో పూలు ఎక్కడ చూడాలి

జనవరి చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం పక్క వీధి మిత్రుడు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ముందు తలుపు దగ్గర బూట్లకున్న మంచు దులుపుకుంటూనే ఆయన మొదలుపెట్టాడు.

"అన్నా, యార్క్‌ల పూలు యాడుంటయో జర చెప్పు. ఈమె నా పాణం తీస్తున్నది."

"నేనేం తీయట్లేదు అన్నయ్యా. టికెట్లు బుక్ చేసింది ఈయన. చేశాక, మార్చి ఆఖర్లో అక్కడ చూడ్డానికి ఏముంటుందే అని నన్నడుగుతున్నారు."

వాళ్ళిద్దరూ పోయిన ఏడాది అమెరికా పౌరులయ్యారు. కొత్త పాస్‌పోర్టులు ఖాళీగా ఉన్నాయి, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి. ఆమె ఇక్కడి స్కూల్లో పనిచేస్తుంది కాబట్టి స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లోనే వెళ్ళాలి. యార్క్ ఎందుకంటే, పదిహేనేళ్ళుగా మా ఇంట్లో కూర్చుని ఆ ఊరి గురించి విన్నారు కనుక.

అమెరికాలో ఈ నేపర్‌విల్‌కి రాకముందు నేను, నా భార్య రెండేళ్ళు యార్క్‌లో ఉన్నాం. ఒక క్లయింట్ ప్రాజెక్టు కోసం కంపెనీ పంపింది. నా భార్య పోయిన అక్టోబరులో చనిపోయింది. ఆమె ఉంటే ఈ ప్రశ్న ఆమెనే అడిగేవాళ్ళు. నేను సరిగ్గా చెప్పలేనేమో అన్నాను.

"నీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది? రెండేండ్లు ఆమె ఎనక తిరిగినవ్ గద" అన్నాడు మిత్రుడు.

అది నిజమే. పూల గురించి రాసేవాళ్ళు రంగుల గురించి ఎక్కువ రాస్తారు. నాకు రంగులు అంతగా గుర్తు లేవు. దారి గుర్తుంది.

చెప్పే ముందు టీ పెట్టాను. టీ పెడుతున్నంతసేపూ వాళ్ళని ఒక సాయం ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నాను. అది మా గరాజ్‌లో మేకుకి వేలాడుతున్న రాగి చెంబు సంగతి.

నా భార్య అస్థికల్లో ఎక్కువ భాగం మా బావమరిది రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలో కలిపాడు. కొంచెం నేను ఉంచుకున్నాను. అస్థికలు ఇంట్లో పెట్టకూడదు, బయట చెట్టుకి కట్టాలి. మా పెరట్లో ఉన్నది ఒకే ఒక్క మేపుల్ చెట్టు. దాని మీద ఉడతలు ఊరుకోవు, నవంబరు తర్వాత దాని కిందికి వెళ్ళడం కూడా కష్టం. గరాజ్‌లో పెట్టవచ్చా అని పంతులు గారికి ఫోన్ చేశాను. ఆయనకి ఈ ప్రశ్న కొత్త కాదని గొంతుని బట్టి తెలిసింది.

"గరాజ్ ఇంటికి అంటుకుని ఉందా, విడిగా ఉందా?"

"అటాచ్డ్ అండి."

"లోపల్నుంచి ఇంట్లోకి తలుపుందా?"

"ఉందండి. లాండ్రీ రూమ్‌లోకి."

"అయితే నిమజ్జనం అయ్యేదాకా ఆ తలుపు వాడకండి. అప్పుడది బయటి కిందే లెక్క. కారు కూడా అందులో పెట్టకపోతే మంచిది."

ఈ ఊళ్ళో ముందు తలుపు అతిథులకి, పార్సిళ్ళకి. ఇంట్లోవాళ్ళు గరాజ్‌లోంచే వస్తారు, గరాజ్‌లోంచే పోతారు. అక్టోబరు నుంచి నేనూ, పదమూడేళ్ళ మా అమ్మాయీ ముందు తలుపులోంచి తిరుగుతున్నాం. కారు ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు కింద ఉంటుంది. పొద్దున్నే అద్దం గీకి ఆఫీసుకి డ్రైవ్ చేస్తాను. అమ్మాయి దీని గురించి నన్నేమీ అడగలేదు. తాళంచెవి తీసుకెళ్ళడం మాత్రం రెండు మూడుసార్లు మర్చిపోయింది.

టీ ఇచ్చి, యార్క్‌లో పూలు వచ్చే వరసలోనే చెప్పడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే ముందు వచ్చేవి స్నోడ్రాప్స్. తెల్లగా, తల కిందికి వంచి, మన గరిక అంత ఎత్తులో ఉంటాయి. మీరు వెళ్ళేసరికి అయిపోతాయి. ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళు మాత్రం ఊరి పాత శ్మశానానికి వెళ్ళాలి.

"శ్మశానానికా? పూలు చూడ్డానికి?" అంది మిత్రుడి భార్య.

మేమూ తెలియక వెళ్ళాం. నా భార్య డిగ్రీలో బాట్నీ చదివింది. యార్క్‌లో ఆమెకి ఉద్యోగం లేదు, చలిలో నడవడం తప్ప పని లేదు. ఒక రోజు ఆ గేటు చూసి పార్కనుకుంది. సమాధుల మధ్య గడ్డి మీద కూర్చుని ఒక్కో పువ్వునీ తిప్పి చూసింది. లోపలి రేకుల మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుందని చూపించింది. ఆ తర్వాత చుట్టూ చూసి, ఎక్కడున్నామో అర్థమై, ఇంటికి పద అంది. ఇంటికి వచ్చాక గుమ్మం బయటే నన్ను నిలబెట్టి, తాను ముందు తలస్నానం చేసి, తర్వాత నా చేత చేయించింది. హీటర్ సరిగ్గా పనిచేయని ఇల్లు. మళ్ళీ వారం మళ్ళీ అక్కడికే వెళ్ళాం, మళ్ళీ తలస్నానాలు. మొత్తం ఫిబ్రవరి అలాగే గడిచింది. పూలు మానలేదు, స్నానాలు మానలేదు.

మిత్రుడు గట్టిగా నవ్వాడు. "వదిన గట్లనే ఉంటది" అన్నాడు. తర్వాత టీ కప్పు వైపు చూశాడు.

స్నోడ్రాప్స్ తర్వాత క్రోకస్‌లు, నేలకి అంటుకున్న చిన్న గిన్నెల్లా. నది పక్కన, కూలిపోయిన పాత మఠం గోడలున్న తోటలో ఉంటాయి. ఎండ ఉంటేనే విచ్చుకుంటాయి. మబ్బు రోజున వెళితే మూసిన మొగ్గలు చూసి రావాలి, కాబట్టి అక్కడ మబ్బు వీడిందంటే వెంటనే బయల్దేరాలి.

మార్చి ఆఖరుకి డాఫడిల్స్, మధ్యలో బూరా లాంటి గొట్టం ఉన్న పసుపు పూలు. వీటి కోసమే ఎక్కువమంది ఆ ఊరు వెళ్తారు. ఊరి చుట్టూ పాతకాలపు రాతి కోటగోడ, దాని కింద మట్టి వాలు. ఆ వాలు నిండా ఇవే. రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కనిపిస్తాయి, వెతకక్కర్లేదు. గోడ మీద నడిచే దారి ఉంది. స్టేషన్ దగ్గర నుంచి నది వంతెన వైపు నడిస్తే, కింద పూలు, ఎదురుగా పెద్ద చర్చి కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నానికి ఫోటోలు తీసుకునేవాళ్ళతో ఆ ఇరుకు దారిలో నడవలేరు.

"కోసుకోవచ్చా?" అని ఆమె అడిగింది.

"కోయకూడదు. ఆమె కూడా కోయలేదు. కొట్లో కట్టలుగా అమ్ముతారు, అవి కొని దేవుడికి పెట్టేది. దండ గుచ్చుదామని చూసింది. కాడ మందం, లోపల బోలు, జిగురు కారుతుంది. ఇది మాలకి పనికిరాని పువ్వు అని తేల్చేసింది."

"జడలో?"

"ఒకసారి పెట్టుకుంది. బస్సులో ఒకావిడ తిరిగి తిరిగి చూసింది."

ఏప్రిల్ చివర బ్లూబెల్స్, చిన్న గంటల్లాంటి నీలం పూలు. అవి ఊళ్ళో కాదు, బస్సెక్కి ఊరి బయట చిన్న అడవుల్లోకి వెళ్ళాలి. దారి వదిలి వాటి మీద నడవకూడదు. తొక్కితే మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుందట. అవి మీకు దొరకవు, ఇంకో ఏడాది ఆలోచించుకోండి అన్నాను.

చివరికి ఫార్న్‌డేల్ వచ్చింది. యార్క్ నుంచి ఉత్తరంగా, కారులో గంట పైన. కొండల మధ్య లోయ, అందులో చిన్న నది, దాని రెండు ఒడ్డుల మీదా అడవి డాఫడిల్స్ ఉంటాయని చెబుతారు. ఊళ్ళో ఉన్నవి ఎవరో నాటినవి. ఇవి వాటంతట అవి వచ్చినవి, పొట్టివి, రేకులు కొంచెం పాలిపోయి ఉంటాయి. నది పక్కనే నడక దారి ఉంది.

"నువ్వు చూసినవా?" అన్నాడు మిత్రుడు.

చూడలేదు. మొదటి ఏడాది ఆ లోయ ఉందని మాకు తెలియదు. రెండో ఏడాది మేం వెళ్దామనుకున్న వారాంతమే మా ప్రాజెక్ట్ గో-లైవ్, అంటే కొత్త సిస్టమ్ మొదలయ్యే రోజు, పడింది. తర్వాత వారానికి పూలు అయిపోయాయి. వచ్చే ఏడాది చూద్దాం అంది నా భార్య. జనవరిలో మమ్మల్ని అమెరికా పంపారు. ఇక్కడికి వచ్చాక నా వీసా స్టాంప్ గడువు ఎప్పుడో అయిపోయింది. దేశం దాటితే స్టాంపింగ్ చేయించుకుని గానీ తిరిగి రాలేను. నా కొలీగ్ ఒకతను అలా వెళ్ళి హైదరాబాద్‌లో నెలల తరబడి ఇరుక్కున్నాడు. గ్రీన్ కార్డ్ వచ్చాక వెళ్దాం అనుకున్నాం. క్యూ ఇంకా కదులుతోంది. పోయిన సెప్టెంబరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆమె, "ఫార్న్‌డేల్ ఒక్కటి మిగిలిపోయింది కదా" అంది. ఆ తర్వాతి మాట మందుల గురించి. తన అస్థికలు అక్కడ కలపమని ఆమె అడగలేదు. అడిగిందని ఎవరికీ చెప్పను. అక్కడ కలిపితే బాగుంటుందని నాకు అనిపించింది. అంతే.

ఇదంతా వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పి, గరాజ్‌లో ఉన్న చెంబు తీసుకెళ్ళగలరా అని అడిగాను.

"తీస్కపోతం అన్నా. దానికేముంది" అని మిత్రుడు వెంటనే ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. "విమానంల రాగి చెంబు నడవది. లోపలున్నది ఎక్స్‌రేల కనవడాలె అంట. చెక్క డబ్బా ఉండాలె. దహనం సర్టిఫికెట్ ఎంబడి పెట్టుకోవాలె."

ఆయన భార్య కప్పు కింద పెట్టింది. "మీరాగండి. అన్నయ్యా, నేను కాదనడం లేదు. కానీ అది మేం చేయొచ్చా? కర్మ చేసినవాళ్ళ చేతి మీదుగా జరగాల్సింది. మేం పరాయివాళ్ళం. రేపేదైనా అయితే, చేయకూడనిది చేశామని నా మనసు పీకుతూనే ఉంటుంది."

ఆమె అన్నదానిలో తప్పు లేదు. సరేనమ్మా, వదిలేద్దాం అన్నాను.

మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. వింటున్నట్టు నాకు తెలియదు.

"నేను వెళ్తా" అంది. "నాకు స్ప్రింగ్ బ్రేక్ ఉంది. నాకు యుఎస్ పాస్‌పోర్ట్ ఉంది. నాన్నకే స్టాంపింగ్ ప్రాబ్లమ్. నాకు కాదు కదా."

"నువ్వు చిన్నపిల్లవి తల్లీ" అంది మిత్రుడి భార్య. "అందులో ఆడపిల్లవి. మనలో ఆడపిల్లల చేత ఇవి చేయించరు."

"బటన్ నేనే కదా ఆంటీ నొక్కింది. నేనూ, నాన్న."

ఇక్కడ చితికి నిప్పు పెట్టడం ఉండదు. దహనశాలలో గోడకి ఒక బటన్ ఉంటుంది. ఆ రోజు నా చెయ్యి, దాని మీద అమ్మాయి చెయ్యి. మిత్రుడి భార్య మా వెనకే నిలబడి ఉంది. పంతులు గారు కూడా అక్కడే ఉన్నారు.

"అవును" అంది మిత్రుడి భార్య అమ్మాయితో. "ఆ రోజు మాలో ఎవరూ వద్దనలేదు." తర్వాత నా వైపు తిరిగి, "స్కూల్లో ఎంత మంది పిల్లలకి పిలకలు వేశాను, ఈ పిల్లని వారం రోజులు చూసుకోలేనా? ప్యాకింగ్ మాత్రం నేను చెప్పినట్టు చేయాలి. అక్కడ వానలు" అంది.

ఆ తర్వాతివి మామూలు పనులు. నేనూ, అమ్మాయీ కొట్టుకి వెళ్ళి నగిషీలు లేని చెక్క డబ్బా ఒకటి కొన్నాం. మూత మీద ఏదైనా పెయింట్ చేయనా అని అమ్మాయి అడిగింది. వద్దన్నాను. మంచిది అంది. అమ్మాయిని వాళ్ళతో పంపుతున్నట్టు కాగితం నోటరీ చేయించాను. పంతులు గారికి ఫోన్ చేసి, మా అమ్మాయి చేస్తుందన్నాను. ఆయన అమ్మాయికి రెండు శ్లోకాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతానన్నారు. పంపారు.

మార్చి ఆఖరి వారం నేను ఇంట్లో ఒక్కడినే ఉన్నాను. నేపర్‌విల్‌లో మళ్ళీ మంచు పడింది.

వాళ్ళు ఫార్న్‌డేల్ వెళ్ళిన రోజు లోయలో సిగ్నల్ లేదు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. బయటికి వచ్చి తీశాను.

"నాన్నా, అయిపోయింది."

"ఎలా ఉంది?"

"చలి. బాగా బురద. పూలు హాఫే వచ్చాయి. మిగతావి అన్నీ బడ్స్. మేం ఎర్లీగా వచ్చాం అంట. ఫామ్‌లో ఒక లేడీని అంకుల్ అడిగాడు, ఆమె బ్రిడ్జ్ కిందికి వెళ్ళమంది, అక్కడ ఎవరూ రారు అని. శ్లోకం మధ్యలో మర్చిపోయాను. ఆంటీ చెప్పింది."

"సరే."

"ఇప్పుడు రూమ్‌కి వచ్చాం. ఆంటీ అందరికీ తలస్నానం అంటోంది. హాట్ వాటర్ స్లోగా వస్తోంది. అంకుల్ కంప్లైంట్ చేస్తున్నాడు."

వెనక నుంచి మిత్రుడి గొంతు వినిపించింది. "కొత్త పాస్‌పోర్ట్ మీద స్టాంప్ కూడ వెయ్యలేదన్నా! మెషిన్ల పెట్టుమన్నరు, పొమ్మన్నరు!"

"మీరు ముందు స్నానానికి వెళ్ళండి" అంటోంది ఆయన భార్య.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మీటింగ్‌కి వెళ్ళాను.

ఆదివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్ట్ నుంచి అమ్మాయిని తీసుకొచ్చాను. దారిలో చాలావరకు నిద్రపోయింది. డ్రైవ్‌వేలో కారు ఆగగానే దిగి, సూట్‌కేస్ లాక్కుంటూ అలవాటుగా ముందు తలుపు వైపు నడిచింది.

నేను రిమోట్ నొక్కాను. గరాజ్ తలుపు పైకి లేచింది. అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. లోపల మేకుకి ఏమీ లేదు. చెంబు ముందే కడిగి పక్కనున్న అరలో బోర్లించాను.

"ఓకేనా నాన్నా?"

"ఓకే. రా."

కారు లోపల పెట్టాను. అమ్మాయి లాండ్రీ రూమ్ తలుపు తీసింది. లోపల చీకటిగా ఉంది. లైటు స్విచ్ ఎటువైపు ఉందో ఇద్దరికీ వెంటనే గుర్తు రాలేదు. అమ్మాయి ఒక గోడ, నేను ఒక గోడ తడిమాం.