పరూళేకర్ కాకా సముద్రానికి పెట్టిన వంకలు

గజానన్ పరూళేకర్ కాకాకు వంక పెట్టనిదే పూట గడవదు. మా సముద్రతీరపు ఊరు మాల్వణ్ బజారులో ఆయన దర్జీ. పెళ్ళికొడుక్కి కోటు కొలతలు తీసుకుంటూ, వాడి తండ్రి ఎదురుగానే, "కోటు సంగతి నేను చూసుకుంటాను. ఈ భుజాలు మాత్రం మీరే సరిగ్గా కుట్టలేదు" అనేవాడు.

మా ఇంటికి భోజనానికొస్తే మా అమ్మకు పరీక్ష రాసినట్టే. కొబ్బరిపాలతో చేసిన సోల్‌కఢీ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, అమ్మ ముఖంలో రంగు పోయేదాకా ఆగి, "పులుపు కుదిరింది. గ్లాసు కుదరలేదు" అనేవాడు. ఆ కుదరని గ్లాసుతోనే మూడుసార్లు పోయించుకునేవాడు. మా తాత పోయినప్పుడు పలకరించడానికి వచ్చి, పాడె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మనిషి మంచివాడే పాపం, ముడులే వదులుగా వేశారు" అన్నాడు. ఏడుస్తున్న మా నాన్న ఏడుపు ఆపి ముడులు చూశాడు.

నేను సముద్రంలోని కోట దగ్గరి నీళ్ళలో జనానికి డైవింగ్ నేర్పుతాను. ఒకరోజు కాకా భార్య సింధు కాకూ నా దగ్గరికొచ్చింది.

"పుట్టిందగ్గర్నుంచీ చేపల్ని తింటూనే ఉన్నాను ఉమేశ్. వాటింటికి ఒక్కసారైనా వెళ్ళి రావద్దురా?"

"నువ్వెళ్తే అవి ఇల్లు ఖాళీ చేస్తాయి" అన్నాడు వెనకనుంచి కాకా.

ఆ కోరిక ఆవిడకు ఏళ్ళనాటిది. భయమూ అంతే పాతది. ఆవిడతో పాటు కాకా కూడా దిగుతానన్నాడు. డాక్టరు ఇద్దరినీ చూసి సరేనన్నాడు. ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరికీ పాఠాలయ్యాయి. తీరా పడవెక్కాక కాకా, "ముందు నేను దిగుతాను. తేడాలుంటే చూడాలిగా" అని లేచాడు. తేడాలు లేకుండా ఉంటాయా?

మొదటి తేడా డైవింగ్ సూటు దగ్గరే దొరికింది. "ఎవడ్రా దీన్ని కుట్టింది? బొడ్డు దగ్గర గుడ్డ మిగిల్చాడు, మెడ దగ్గర ప్రాణం తీస్తున్నాడు."

"అది రబ్బరు కాకా. అందరికీ అలాగే ఉంటుంది."

"అందరికీ ఒకటే కొలతైతే నేనెందుకు, నా కత్తెరెందుకు?"

నీళ్ళలో మాటలుండవు కాబట్టి రెండు సైగలు నేర్పాను. వేళ్ళు సున్నాలా చుడితే బాగుందని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే తేడాగా ఉందని. మొదటిది కాకా చేతికి ఎక్కనే లేదు. రెండోది మాత్రం తల్లి కడుపులోనే నేర్చుకుని వచ్చినట్టు వచ్చేసింది.

కిందికి దిగాం. పచ్చని చేప ఒకటి ఎదురైతే చెయ్యి ఊపాడు. చారల చేపల గుంపుకి ఊపాడు. పాపం ఒక రాయి తన మానాన తను పడి ఉంటే దానికీ ఊపాడు. మధ్యమధ్య నోట్లో గాలిగొట్టం మూతి పెట్టుకునే గొణుగుతున్నాడు. గొణిగినప్పుడల్లా గుప్పెడు బుడగలు లేస్తున్నాయి. పళ్ళు పటపట కొరుకుతున్నట్టు దవడలు ఆడుతున్నాయి.

ఉన్నట్టుండి రెండు చేతులూ ఊపడం మొదలెట్టాడు. ఏ తాబేలో దారి తప్పి వచ్చిందనుకుని తాపీగా తిరిగి చూశాను.

కాకా పళ్ళ మధ్య రబ్బరు మూతి ఒక్కటే ఉంది. కొరికీ కొరికీ, దాన్ని పట్టి ఉంచే బద్దీ తెగిపోయింది. గాలి వచ్చే గొట్టం పక్కన వేలాడుతూ సముద్రానికి ఊపిరి పోస్తోంది. ఆయన పాలపీక పట్టుకున్న పసివాడిలా ఆ ఉత్త రబ్బరును చప్పరిస్తున్నాడు. ఇంకెప్పుడైనా అయితే పడిపడి నవ్వేవాణ్ణి. అప్పుడు మాత్రం నవ్వడానికి తీరికెక్కడిది?

రెండు తన్నుల్లో చేరాను. నా దగ్గరున్న రెండో గొట్టం అందించాను. ఆయన రబ్బరు వదిలితేగా! దవడ నొక్కి ఊడబెరికి, నా గొట్టం నోట్లో పెట్టి మీట నొక్కాను. ఒక ఊపిరి, దగ్గు, మళ్ళీ ఊపిరి. భుజం పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాను. రబ్బరు ముక్క మాత్రం ఆయన పిడికిట్లోనే ఉంది.

పడవలో కాకూ అంచు పట్టుకుని పాలిపోయి కూర్చుంది. "ఇంత తొందరగా వచ్చేశారేం? ఏమైంది?"

చెప్పబోయాను. ఈత రెక్క తొడుక్కున్న కాలితోనే కాకా నా పాదం తొక్కాడు.

"ఏమవుతుంది? ఉప్పెక్కువైంది" అన్నాడు.

"ఎందులో?"

"సముద్రంలో! చేపలకా, బొత్తిగా మర్యాద లేదు. ఒక్కటీ ఆగి పలకరించలేదు. రంగులన్నీ వెలిసిపోయాయి, నా కొట్లో అస్తరు గుడ్డ నయం. తాబేలు నన్ను చూసి వెనక్కి తిరిగింది."

"అది తెలివైంది" అంది కాకూ. ఆవిడ ముఖంలో రంగు తిరిగొస్తోంది.

ఆవిడకు ధైర్యం చెప్దామని, "లేదు కాకూ, కింద చాలా బాగుంటుంది" అన్నాను.

"నువ్వూరుకోరా. ఈయన తిట్టాడంటే ఫరవాలేదనే. బాగుందంటేనే నాకు దడ. ఒకసారి సురమయి చేప ముక్క చూసి బాగుందన్నాడు, ఇంటిల్లిపాదికీ వాంతులు" అని డైవింగ్ కళ్ళద్దాలు తగిలించుకుంది.

కాకా నన్ను పడవ వెనక్కి లాక్కెళ్ళి పిడికిలి విప్పాడు. అందులో ఆ తెగిన రబ్బరు ముక్క.

"మీ కాకూకి నా గొట్టం వద్దు. కొత్తది పెట్టు. కొరికి చూడు, లాగి చూడు, వేలాడి చూడు."

"జరిగింది చెప్పొద్దా కాకా?"

"చెప్తే ఈ జన్మకి దిగుతుందిట్రా? బాగుందని చెప్పినా దిగదు. మరేం చెప్పమంటావు? నీ పక్కనుంచి దాన్ని వదిలావో, నీ ప్యాంట్లన్నీ నిక్కర్లు చేసేస్తాను."

పెళ్ళిళ్ళలో ఈయన ప్రతి కుర్చీలో ముందు తాను కూర్చుని, ఊపి, తిట్టి, ఆ తర్వాతే కాకూను కూర్చోనిచ్చేవాడు. ఊరంతా నవ్వేవాళ్ళం, నాతో సహా.

కొత్త గొట్టం ఆయన ఎదుటే నీళ్ళలో ముంచి, కొరికి, లాగి చూపించాను. కాకూ దిగింది. ఆవిడ చెయ్యి నేను వదల్లేదు. పచ్చచేప ముక్కు దగ్గరికొస్తే బుడగలు బుడగలుగా నవ్వింది. వేళ్ళు సున్నాలా చుట్టి చేపకే చూపించింది.

పైన జరిగింది పడవ నడిపే జానూ తర్వాత చెప్పాడు. కాకా అంచు మీద బోర్లా పడుకుని మా బుడగల్నే చూస్తున్నాడట. జానూ టీ ఇస్తే తాగేశాడట. పంచదార ఎక్కువైందనలేదు, తక్కువైందనలేదు, కప్పుకు పగులుందనీ అనలేదు. పెద్దాయనకు పక్షవాతం గాని వచ్చిందేమోనని జానూ హడలిపోయాడట.

అంతలో కాకూ తల నీళ్ళ పైకొచ్చింది. కాకా ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"చూడు, జుట్టంతా తడుపుకొచ్చావు! జలుబు చేస్తే ఎవడిది పూచీ?"

అప్పటికి గాని జానూ ప్రాణం కుదుటపడలేదు.