మళ్ళీ గడ్డకట్టినది

భీమవరం కాలేజీలో మా సీనియర్ కెమిస్ట్రీ మేడమ్‌ది ఒకటే పట్టు. ఒక పదార్థం ఎంత వేడికి కరుగుతుందో చూడాలంటే, సన్నటి గాజు గొట్టంలో దాని పొడి వేసి వేడిచేస్తూ, కరిగే క్షణాన్ని భూతద్దంలోంచి కనిపెట్టాలి. చల్లారితే అది మళ్ళీ తెల్లగా గడ్డకడుతుంది. ఆ గొట్టాన్నే రెండోసారి పెట్టబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకునేవారు.

"పారేయండి. చూడ్డానికి అదే. వేడికి లోపల ఏం విరిగిపోయిందో మనకి తెలీదు కదా."

ఆ వేసవిలో నరసాపురం రేవులో పంటు ఎక్కబోతూ ఆవిడ గోదాట్లో పడిపోయారు. పైకి తీసేసరికి ఊపిరి లేదట. పోయారనుకుని ముఖం మీద తువ్వాలు కప్పాక దగ్గారట.

కాలేజీ తెరిచిన రోజే వచ్చారు. అదే గొంతు, అదే నవ్వు, పొడి దిగేదాకా గొట్టాన్ని బల్లమీద మెల్లగా తట్టే అదే అలవాటు. నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం, కరిగి అప్పుడే గడ్డకట్టిన గొట్టాన్ని పట్టకారుతో తీసి చెత్తడబ్బాలో వేయబోయాను. ఆవిడ వట్టి వేళ్ళతో అందుకున్నారు. అది ఇంకా కాలుతూనే ఉంది. ఆవిడ మాత్రం వదల్లేదు, కిటికీ వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"పారేయకండి," అన్నారు నెమ్మదిగా. "మారిపోయానని దానికింకా తెలీదండి."