బాయిలర్ చల్లారేదాకా

ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, మా బాయిలర్ దగ్గర తొందరే విషం.

నేను బిలాస్‌పూర్ దగ్గర ఓ కరెంటు ప్లాంటులో లోహాల బాగోగులు చూసే ఇంజనీరుని. మండే ఆవిరి ఏళ్ళ తరబడి పారితే, ఎంత మేలురకం ఉక్కు గొట్టానికైనా లోపల నల్లటి పెచ్చు కడుతుంది. వేడిగా ఉన్నంతకాలం అది అంటిపెట్టుకునే ఉంటుంది. గబగబా చల్లారిస్తే ఉక్కు ముడుచుకున్నంతగా పెచ్చు ముడుచుకోలేదు. ఊడిపోయి కింది వంపుల్లో పోగవుతుంది. చూసుకోకుండా మళ్ళీ రాజేస్తే ఆవిరికి దారుండదు, గొట్టం కాలి పగులుతుంది.

ఆ రోజు చిన్న మరమ్మతు కోసం బాయిలర్ ఆపారు. షిఫ్టు ఇన్‌చార్జి మా తెలుగువాళ్ళ రైల్వే కాలనీవాడే, అన్నయ్యా అని పిలుస్తాను. సాయంత్రం ఊళ్ళోని తోర్వా పేటలో అతని మేనకోడలి పెళ్ళి. అక్క పోయాక ఆ పిల్లను పెంచింది అతనే. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామే. ఆ బుట్ట కోసమే పాపం, పని తొందరగా తెమలాలని పెద్ద ఫ్యాన్లు తిప్పి బాయిలర్‌ను చల్లార్చేశాడు.

ఎక్స్‌రే తీయిస్తే వంపుల్లో పెచ్చులు కుప్పగా కనిపించాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళ సర్వీసులో నేర్సుకున్నది ఇదేటి?" అని అరిచాను.

"తప్పే సెల్లీ. ఈ ఒక్కపాలికి ఒగ్గీ. మళ్ళీ ఆపినప్పుడు గొట్టాలు కోసి తీద్దుం."

"పగిలితే?"

అతను ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకెత్తి చూశాడు. దాన్ని కిందపెట్టి, "అచ్ఛా, కోయించీ" అన్నాడు.

బాయిలర్ లోపల పనిచేసేవాళ్ళ ప్రాణాలకు పూచీ షిఫ్టు ఇన్‌చార్జిదే. బదులు రావలసినాయన జ్వరంతో పడి ఉన్నాడు. గొట్టాలు కోసి, పెచ్చులు తీసి, మళ్ళీ అతికించేసరికి బాగా చీకటిపడింది. పని మధ్యలో, ముహూర్తం వేళ, అతను మేనకోడలితో ఫోన్‌లో, "కాలనీలో వరసకు మామలు లేరేటమ్మా, ఆళ్ళెత్తుతారు, ఏడవకు" అంటూ తనే ఏడ్చాడు. నేను చేసింది న్యాయమే. అయినా అతని వైపు చూడలేక వెల్డింగు దగ్గరికి వెళ్ళిపోయాను.

చివరి మనిషి బయటికొచ్చాక అతన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని తోర్వా తీసుకెళ్ళాను. తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు నడుస్తున్నాయి. మసి బట్టలతో లోపలికి రావడానికి సిగ్గుపడి అతను పందిరి గుంజ దగ్గరే ఆగిపోయాడు. మేనకోడలు చూడనే చూసింది. కొంగుముడితో పెళ్ళికొడుకునీ లాక్కుంటూ వచ్చి, మూలనున్న ఖాళీ బుట్టలో చతికిలబడింది.

"ఎత్తు మామయ్యా."

"పెళ్ళయిపోనాది కదే పిచ్చిదానా!"

"అయితే ఏటి? నువ్వెత్తకుండా అత్తారింటికెలా ఎల్తాను?"

అతను చేతులు చొక్కాకు తుడుచుకుని ఒక పక్క పట్టాడు. రెండో పక్కకు పెళ్ళికొడుకు వంగబోయాడు గానీ ఆ పిల్ల ఒప్పుకోక నావైపు వేలు చూపింది.

"నువ్వుండు. మా మామని ఆపీసింది పిన్నే కదా, పిన్నే పడతాది."

నేను రెండో పక్క పట్టుకున్నాను. బుట్ట చాలా బరువుగా ఉంది.