కూర్చోని రాన్వా

రాన్వాకు పదహారో ఏట మొదటిసారి కాళ్లు పడిపోయాయి. పగలంతా కొండ మీద గొర్రెల వెంట పరుగెత్తి, కడుపునిండా బంగాళదుంపలు తిని పడుకుంది. తెల్లారి లేవలేకపోయింది. మధ్యాహ్నానికి మామూలైంది. ఊరు బద్ధకం అంది. తర్వాత కూడా అలా పడిపోతూనే ఉండడంతో తాగుడు అంది. చేపల ఫ్యాక్టరీలో ఆమె పక్కన కత్తి పట్టి పనిచేసినవాళ్లు మాత్రం ఆ మాట అనలేదు.

కోపెన్‌హాగన్ డాక్టరమ్మ అసలు సంగతి చెప్పేసరికి రాన్వాకు ముప్ఫై దాటాయి. కండ కణాల పొరలో పొటాషియం రాకపోకలకు సన్నని దారులుంటాయి. పని చేసిన కండ మళ్లీ సిద్ధం కావాలంటే అవి తెరిచి ఉండాలి. రాన్వాకు పుట్టుకతోనే వాటిలో చాలా పనిచేయవు. ఒళ్లు వంచి పనిచేసి వెంటనే కూర్చున్నా, తీపి తిన్నా, రక్తంలోని పొటాషియం కండల్లోకి పోతుంది. ఇక మెదడు ఎంత చెప్పినా కండ వినదు. డాక్టరమ్మ గుండె పరీక్షించి, ఊరి పందెం పడవలో తెడ్డు వేయడానికి ఒప్పుకుంది. ఆపాక మాత్రం మెల్లగా నడుస్తూ ఉండమంది.

ఊరి ఆడవాళ్ల పందెం పడవకు చుక్కాని పట్టేది హానుస్. సాధన అయ్యాక పడవల కొట్టంలో అందరూ ఒకే బల్ల మీద కూర్చుని కాఫీ, కేకు తీసుకోవాలి. అది అతని పద్ధతి. రాజధానిలో జరిగే ఓలావ్ పండుగ పడవ పందేనికి ముందు చివరి సాధన రోజున కూడా రాన్వా గోడ వెంట నడుస్తూనే ఉంది.

“కూర్చో అమ్మాయ్, బల్లకేం ముళ్లు లేవు,” అన్నాడు హానుస్.

“నాకు కాళ్లున్నాయి బాబాయ్. అవి పోకూడదనే నిలబడ్డా.”

“పోయినేడు విందులో తాగి పడితే నలుగురం మోశాం. ఈసారి నా నడుం ఒప్పుకోదు.”

“తాగలేదు. రెండు ముక్కలు కేకు తిని కుర్చీలో కూర్చున్నా, అంతే.”

“కేకు తిని పడిపోయినోళ్లని నేనెక్కడా చూళ్లేదు. నీ చోటుకి మా తూరీద్ ఎదురుచూస్తోంది.”

అతని అన్న కూతురు తూరీద్ తల వంచుకుని నవ్వింది.

“సరే, తీసెయ్,” అంది రాన్వా. “కేకు తినలేదని తీసేశానని అందరి ముందూ చెప్పు. ఫ్యాక్టరీలో అడిగినోళ్లకి నేనూ అదే చెప్తా.”

హానుస్ కాఫీ మింగి, “పందెం మర్నాడు పొద్దున రేవులో నీ కాళ్ల మీద నిలబడు. లేకపోతే వచ్చే ఏడు నీ చోటు తూరీద్‌ది,” అన్నాడు.

పందెంలో నాలుగో స్థానం వచ్చింది. మిగతావాళ్లు గడ్డి మీద వాలిపోయారు. రాన్వా పొటాషియం ఉప్పు కలిపిన నీళ్లు మొహం చిట్లించుకుని తాగి, రాజధాని వీధులన్నీ తిరిగింది. తర్వాత వలయంగా చేతులు పట్టుకుని ఆడే నాట్యంలో దూరి, అది ముగిసేదాకా అడుగు ఆపలేదు.

మర్నాడు పడవను ఊరికి తిరిగి తీసుకెళ్లే ఓడ ఎక్కించడానికి అందరూ రేవుకు చేరారు. రాన్వా నడిచి వచ్చింది. ఎడమ చేయి తడిగుడ్డలా వేలాడుతోంది.

“ఆ చేయేంటి?” అన్నాడు హానుస్.

“పడుకుంది. మధ్యాహ్నానికి లేస్తుంది. నువ్వడిగింది కాళ్లు.”

హానుస్ ఆమె కాళ్ల వైపు చూసి పడవ ముక్కు పట్టుకున్నాడు. రాన్వా కుడిచేత్తో పడవ అంచు పట్టి కదలనివ్వలేదు.

“ముందు చోటు సంగతి చెప్పు.”

“నీదే,” అని గొణిగాడు.

“గట్టిగా చెప్పు బాబాయ్. తూరీద్‌కి వినపళ్లేదు.”