గంట కొట్టినా ఆగని ప్రార్థన

మా ఇంట్లో ఫోన్ మోగితే దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసే రోజులు ఉండేవి సహోదరులారా! లోపల అది మోగుతూనే ఉండేది, బియ్యం గింజలు సన్నగా కదులుతూ ఉండేవి, మంచం మీద కాలికి పిండికట్టుతో పడుకున్న మా ఆయన "ఎవరే?" అని అడిగితే "రీచార్జి కంపెనీ వాళ్ళు" అని చెప్పేదాన్ని. ఆ చీకటిలోంచి ప్రభువు నన్ను ఎలా బయటికి తెచ్చాడో ఈ పత్రిక చదివే మీ అందరికీ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇప్పటికి కుదిరింది.

నా పేరు మేరీరత్నం. మేము మచిలీపట్నంలో చిలకలపూడి దగ్గర ఉంటాం. నా భర్త దానియేలు గిలకలదిండి హార్బరులో బోట్లకు ఐసు ఎక్కించే పని చేస్తాడు. నేను ఇంట్లోనే కూర్చుని రోల్డ్ గోల్డ్ దుద్దులకు రాళ్ళు అతికిస్తాను. కవరింగ్ వర్క్‌షాపు ఓనరుగారు సరుకు, రాళ్ళు, జిగురు నమ్మకం మీద ఇస్తారు, పని పూర్తి చేసి తీసుకెళ్తే గ్రోసుకు, అంటే పన్నెండు డజన్లకు, ఇంత అని కూలి ఇస్తారు. మాకు పూచీ లేదు, కాగితం లేదు, మనిషి మీద నమ్మకమే. ఆ నమ్మకం పోతే మర్నాటి నుంచి పని ఉండదు.

నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి వరకే. కానీ చదవడం మానలేదు. మా శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు, ఆరోగ్య పుస్తకాలు, చరిత్ర, చట్టాల గురించి తేలికగా రాసిన చిన్న పుస్తకాలు, ఏది దొరికితే అది చదివాను. తెలియని మాట ఎదురైతే నిఘంటువు తీసి ఇమ్మని లైబ్రేరియన్ గారిని అడిగేదాన్ని, ఆయన విసుక్కోకుండా ఇచ్చేవారు. మా బందరు రేవు నుంచి ఒకప్పుడు అద్దకం బట్టలు ఏ ఏ దేశాలకు వెళ్ళాయో అడగండి, ఇప్పటికీ చెబుతాను! ఇది దేవుడు నాకిచ్చిన సంతోషం, చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టమని నా దగ్గరికే తెస్తారు.

దానియేలు ఐసు దిమ్మ మోస్తూ తడి పలక మీద జారి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి ఖర్చుకు కొంత అప్పు, ఇల్లు గడవడానికి కొంత అప్పు అయింది. అంతలోనే సముద్రంలో వేట ఆపే కాలం వచ్చింది, హార్బరు మూగబోయింది, చేబదులు ఇచ్చే తోటి పనివాళ్ళ చేతుల్లో కూడా డబ్బు లేదు. అప్పటికే నేను మా వీధి ఆడవాళ్ళతో కలిసి ఒక ఫైనాన్సు కంపెనీ గ్రూపులో ఉన్నాను. మా గ్రూపు లీడరు నాగలక్ష్మి వదిన. ఆ అప్పుకు తాకట్టు ఏమీ ఉండదు, తోటి ఆడవాళ్ళే తాకట్టు. ప్రతి మంగళవారం పొద్దున నాగలక్ష్మి వదిన అరుగు మీద అందరం కూర్చోవాలి, కలెక్షన్ సారు బండి మీద వస్తాడు, అందరి వాయిదాలూ వచ్చేదాకా ఒక్కరు కూడా లేవకూడదు. ఒకరు కట్టకపోతే మిగిలిన వాళ్ళే వేసుకుని కట్టాలి. అందుకే ఆ సారు ఎవరినీ తిట్టనక్కర్లేదు. కూర్చుంటే చాలు.

మొదటిసారి నా వాయిదా తక్కువ పడిన రోజు నాకు బాగా గుర్తుంది.

"నేనేమీ అనట్లేదమ్మా. కూర్చోండి. ఈవిడ కట్టాక అందరం వెళ్దాం" అన్నాడు సారు, ఫోన్ చూసుకుంటూ.

"పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను సార్, అడుగంటుద్ది" అంది నాగలక్ష్మి వదిన.

"ఆ మాట మేరీగారికి చెప్పండి, నాకెందుకు?"

అప్పుడు వదిన నా వైపు తిరిగి, "ఏం వదినా, లైబ్రరీలో అన్ని పేపర్లూ చదువుతావుగా, వాయిదా డబ్బులు ఎక్కడ దొరుకుతాయో ఏ పేపర్లోనూ రాయలేదా?" అంది. అందరూ నవ్వారు. పప్పు మాడిన వాసన అరుగు దాకా వచ్చింది. వదిన చెడ్డ మనిషి కాదు సహోదరులారా, ఆమె స్థానంలో ఉంటే నేనైనా ఏదో ఒకటి అనేదాన్ని. కానీ ఆ నవ్వు ఇంకోసారి వినకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అందుకని ఫోన్‌లో అప్పు ఇచ్చే యాప్ ఒకటి ఎక్కించుకున్నాను. నేను షరతులన్నీ చదివాను! చక్రవడ్డీ అంటే ఏమిటో లెక్కతో సహా తెలిసిన దాన్ని. వారం రోజుల్లో రాళ్ళ పని కూలి వస్తుంది, కట్టేస్తాను అనుకున్నాను. చెప్పిన మొత్తంలో కోత కోసుకుని మిగిలింది వేశారు, వారం తిరగకముందే మొత్తం అడిగారు. మంగళవారం వాయిదా కట్టడానికి ఈ యాప్, ఈ యాప్‌కు కట్టడానికి ఇంకో యాప్, ఇలా సాగింది. దానియేలుకు చెప్పలేదు, కాలు విరిగిన మనిషికి ఇంకో నొప్పి ఎందుకని. మందిరంలో కూడా చెప్పలేదు. మా మందిరంలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు లేచి "కుటుంబ అవసరత గురించి ప్రార్థించండి" అని కూర్చునేదాన్ని. అందరూ అలాగే చెబుతారు, ఏ అవసరత అని ఎవరూ అడగరు, అది మర్యాద.

ఒక గురువారం సాయంత్రం యాప్ వాడు ఫోన్ చేశాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. "మేడమ్, మీ ఫోన్‌లో నంబర్లన్నీ మా దగ్గర ఉన్నాయి. ఓనరుగారు అని ఒక నంబరుంది. ఎల్లుండి పదింటికి కట్టకపోతే మొదటి ఫోన్ ఆయనకే. మీ దగ్గర పని చేసే ఆవిడ దొంగ, సరుకు జాగ్రత్త అని చెబుతాం" అన్నాడు.

దుద్దులు ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఒక్క రాయి కూడా సరిగ్గా కూర్చోలేదు. వీధిలో నవ్వు వేరు, ఇది వేరు. ఓనరుగారు ఆ మాట నమ్మితే సరుకు ఇవ్వరు. దానియేలు లేచి నడిచేదాకా మా ఇంటికి వచ్చే కూలి నా చేతులదే. ఆ పని పోతే మేము ఏం తినాలి?

మర్నాడు శుక్రవారం, ఉపవాస ప్రార్థన. దానియేలును ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాను, మగవాళ్ళ వైపు కుర్చీలో కూర్చోబెట్టి నేను ఆడవాళ్ళ వైపు చాప మీద మోకాళ్ళూనాను. మా మందిరంలో అందరూ కళ్ళు మూసుకుని ఒక్కసారిగా పెద్దగా ప్రార్థిస్తారు, ఎవరి ప్రార్థన వారిది, పక్కవాళ్ళ మాట వినపడదు. పాస్టరుగారి భార్య, మేము అమ్మగారు అంటాం, చిన్న గంట కొట్టగానే అందరూ ఆగిపోతారు. ఆ హోరులో నా గొంతు ఎవరికి వినపడుతుంది అనే ధైర్యంతో మొదటిసారి నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ప్రభువా, రేపు పదింటికి వాడు ఓనరుగారికి ఫోన్ చేస్తాడు. నన్ను దొంగ అంటాడు. నేను ఒక్క దుద్దు కూడా తీయలేదని నీకు తెలుసు తండ్రీ! గ్రూపు వాయిదా కోసం యాప్‌లో తీసుకున్నాను, ఆ యాప్ కోసం ఇంకో యాప్‌లో తీసుకున్నాను, దానియేలుకు చెప్పలేదు, ఫోన్ బియ్యం డబ్బాలో దాచిపెడుతున్నాను. పని పోతే ఎలా బతకాలి తండ్రీ, నాకు భయంగా ఉంది, నాకు చాలా భయంగా ఉంది..."

ఇలా చెబుతూనే ఉన్నాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి దానియేలు గొంతు వినిపించింది.

"మేరీ, గంట కొట్టేశారు."

కళ్ళు తెరిచాను. మందిరమంతా నిశ్శబ్దంగా ఉంది. గంట ఎప్పుడో మోగిందట, అందరూ ఆపేశారట, నా ఒక్కదాని ప్రార్థన అందరూ విన్నారు! సహోదరీలారా, ఆ క్షణం నేల చీలితే అందులోకి వెళ్ళిపోయేదాన్ని. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం విన్న గంట అది. ఆ ఒక్క రోజు నా చెవిన ఎందుకు పడలేదు? ఎవరు ఏమన్నా సరే, నా చెవులు మూసినవాడు ఎవరో నాకు తెలుసు.

ముందు వరుసలోంచి అబ్రాహాము గారు లేచారు. ఆయన చల్లపల్లిలో టైలరు, మా సంఘ పెద్ద, పాటలు ఎత్తేది ఆయనే, ఆయన చొక్కా మడత ఎప్పుడూ నలగదు. "అమ్మాయ్, నీకు ఫోన్ చేసేవాడే కాబోలు, నాకూ చేస్తున్నాడు. నేను నీ అంత గట్టిగా ప్రార్థన చేయలేకపోయాను" అన్నారు. వెనక నుంచి ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది, వాళ్ళ ఇంట్లో కూడా అదేనట. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు, సగం మందికి అదే బాధ, అందరం పక్కపక్కనే మోకరించి దేవుడి చెవిలో మాత్రమే చెప్పుకుంటున్నాం!

పాస్టరుగారు ఆ రోజు వాక్యం చెప్పలేదు. "వాడు ఫోన్ చేసేది రేపు కదా, మనం ఓనరుగారి దగ్గరికి ఇవాళే వెళ్దాం" అన్నారు. సాయంత్రం నేను, అమ్మగారు బయలుదేరాం, దానియేలు కూడా చంకకర్రతో వస్తానని పట్టుబట్టాడు. దారిలో ఆటోలో నేను "కోపం వచ్చిందా?" అని అడిగాను. "వచ్చింది. దిగాక చెప్తా, ముందు పని నిలబడనీ" అన్నాడు.

ఓనరుగారు హిందువులు, దుకాణం మూసి దీపం పెట్టే వేళ అది. నేను నిలబడి మొత్తం చెప్పాను, ఎంత అప్పుందో కూడా చెప్పాను. అంతా విని ఆయన అడిగారు.

"నా సరుకులో ఒక్క పీసైనా ఎక్కడైనా పెట్టావా?"

"లేదండీ."

"మరి రేపు వాడు చేస్తే నేనేం చెప్పాలి?"

"నాకు తెలుసు అని చెప్పండి చాలు."

"ఇప్పుడు తెలిసింది కదా, అదే చెబుతాలే" అన్నారు. అయితే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, కొంతకాలం ఖరీదైన రాళ్ళ సెట్లు నాకు ఇవ్వలేదు, మామూలు దుద్దులే ఇచ్చారు. నేను బాధపడలేదు. పని ఆగలేదు, దేవునికే మహిమ!

సోమవారం సరుకు ఇవ్వడానికి వెళ్తే ఆయనే నవ్వుతూ చెప్పారు. "చేశాడమ్మా నీ చుట్టం. 'నాకు తెలుసయ్యా, నీ ఆఫీసెక్కడో చెప్పు, నేనే వచ్చి మాట్లాడతా' అన్నాను. ఫోన్ పెట్టేశాడు."

తర్వాత అబ్రాహాము గారు, నేను, ఇంకో ఇద్దరు కలిసి కోర్టు ఆవరణలో పేదవాళ్ళకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే ఆఫీసుకు వెళ్ళాం. అలాంటిది ఒకటి ఉందని గ్రంథాలయంలో ఎప్పుడో చదివాను, ఇతరులకు చెప్పాను కూడా, నా కోసం వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు. అక్కడి లాయరమ్మగారు ఓపికగా విన్నారు, బెదిరింపుల మీద పోలీసులకు ఫిర్యాదు రాయించారు, గ్రూపు కంపెనీకి కూడా ఒక అర్జీ పెట్టించారు. కంపెనీ నుంచి పెద్ద సారు వచ్చి నా వాయిదా తగ్గించి గడువు పెంచాడు. ఆ మంగళవారం నాగలక్ష్మి వదిన "ముందే చెప్పొచ్చుగా వదినా, నా పప్పన్నా మిగిలేది" అంది. ఈసారి నేనూ నవ్వాను.

అప్పు మాయమైపోయిందని నేను చెప్పను సహోదరులారా. పోలీసు ఫిర్యాదు తర్వాత యాప్‌ల వాళ్ళ బెదిరింపులు ఆగాయి, గ్రూపు అప్పు ఇంకా కడుతున్నాను, దానియేలు కొంచెం కుంటుతూనే మళ్ళీ హార్బరుకు వెళ్తున్నాడు. ఆటో దిగాక చెబుతానన్న కోపం చెప్పాడు, అది మా ఇద్దరి మధ్య మాట. ఆకాశం నుంచి డబ్బు రాలేదు, కానీ నా దేవుడు నాకు మనుషులను ఇచ్చాడు, ఆయనకు స్తోత్రం!

ఇప్పుడు మా మందిరంలో శుక్రవారం ప్రార్థన అయ్యాక కొంతసేపు అలాగే కూర్చుంటున్నాం. ఎవరిని ఎవరు బెదిరిస్తున్నారో, ఎంత కట్టాలో, ఎవరి దగ్గరికి ఎవరు తోడు వెళ్ళాలో పైకే చెప్పుకుంటున్నాం. పోయిన వారం కృత్తివెన్ను నుంచి చేపలమ్మే ఒకావిడ వచ్చింది, ఆమె మన విశ్వాసి కాదు. చెంగు కింద ఫోన్ మోగుతుంటే భయపడి ఆపబోయింది. అమ్మగారు ఆ ఫోన్ అడిగి తీసుకుని, స్పీకరు పెట్టి, అందరి మధ్యా చాప మీద పెట్టారు. అవతలివాడు అరవడం మొదలుపెట్టాడు. మేమంతా వింటున్నామని అమ్మగారు చెప్పగానే గొంతు తగ్గించాడు.

ఈ సాక్ష్యం చదువుతున్న మీ చేతిలో కూడా అలాంటి ఫోన్ ఉంటే, నా ప్రభువును నమ్మండి, ఆయన మిమ్మల్ని ఒంటరిగా వదలడు. మా దగ్గరికి రండి. ఏ మతం అని అడగం. ఫోన్ మోగుతూ ఉన్నా సరే, దాన్ని పట్టుకుని లోపలికి రండి.