సర్వర్‌కు గంధం, కుంకుమ

ఆయుధపూజ రోజు ఉదయం తొమ్మిదీ పదికి నేను తలస్నానానికి వెళ్లాను. కోవిల్‌పట్టిలో మా ఇంటి హాల్లో ఉన్న ఒక్క సర్వర్ మీదే అగ్గిపెట్టెల యూనిట్ బిల్లింగ్, కుట్టు క్లాసుల వెబ్‌సైటు, విరుదునగర్ పప్పుల వ్యాపారి ఆర్డర్లు నడిపేదాన్ని. ఇంకోసారి సైటు ఆగితే పని వేరేవాళ్లకు ఇస్తానని ఆ వ్యాపారి ముందు వారమే అన్నారు.

తిరిగి వచ్చేసరికి సర్వర్ ఆగిపోయి ఉంది. దాని మీద గంధం, కుంకుమ.

"అత్తా, దీన్ని ఏంటికి ఆపితిరి?"

"కొడవలి, మిక్సీ, గ్రైండరు అన్నిటికీ పూజ పెడితిని. రాత్రీ పగలూ పాటుపడేది ఇదే కదమ్మా. ఈ పొద్దు ఒకనాడు పండుకోనీ."

అంతలో వ్యాపారి ఫోన్. సైటు తెరుచుకోవడం లేదన్నారు. జరిగింది జరిగినట్టే చెప్పాను.

"నా అంగట్లో కాటా కూడా పూజలోనే ఉండాదిమ్మా. ఇదీ రేపే ఆన్ చేయి. మీ అత్తకు కోపం తెప్పించొద్దు."

తర్వాత ఏటా అందరికీ ముందే చెప్పి ఆ ఒక్కరోజు ఆపేవాళ్లం. యంత్రం కూడా అలసిపోతుందని అనుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పోయిన ఏడు అత్త చనిపోయారు. ఇప్పుడు సర్వర్‌ను ఏ రోజూ ఆపడం లేదు.