ముందు భయపడే మనిషి

తెనాలి కరుణాకర్ గారికి భయపడటమే అసలు వృత్తి. పంపుసెట్ల ఫ్యాక్టరీ, అందులో పనిచేసే రెండొందల మంది, గుంటూరు దాకా ఉన్న షాపులు, ఇవన్నీ ఆయన తీరిక వేళల్లో చూసుకునే పనులు. అరవై రెండేళ్ళు, ఆరడుగుల ఎత్తు. మీసం చూస్తే ఎదురొచ్చేవాడు పక్కకి తప్పుకుంటాడు. నోరు తెరిస్తే మాత్రం వచ్చే మొదటి మాట ఒకటే. "నాకు భయమేస్తుందండి."

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అనరు, దర్జాగా అంటారు. తెనాలి నుంచి రేపల్లె గట్టిగా గంట ప్రయాణం. పది గంటల మీటింగుకి ఆయన ఆరింటికే బయల్దేరతారు. "రైలు గేటు పడుతుందేమోనని భయమండి." గేటు పడకపోతే, "ఇంత సాఫీగా వచ్చేశాం, ముందేదో ఉందని భయమండి." కారులో రెండు స్టెప్నీలుంటాయి. మొదటి టైరు పోతే ఒకటి, అదీ పోతే రెండోది. ఆ రెండోది కూడా పోతే ఎలాగన్న ఆలోచన ఆయనకి వచ్చిన రోజున, భార్య రూబీ గారు డిక్కీకి అడ్డంగా నిలబడి మూడోది ఎక్కనివ్వలేదు.

ఆ మీటింగు సంగతి చెప్పాలి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కాస్త పెద్ద వ్యాపారాలు నడిపే తొమ్మిది మంది కలిసి ఆరేళ్ళ కిందట ఒక బృందం పెట్టుకున్నారు. పేరు దగ్గర మాట కుదరక, కలిసే రోజునే పేరు చేసేశారు. 'రెండో శనివారం'. వ్యాపారం పెరిగే కొద్దీ చుట్టూ తలాడించేవాళ్ళు పెరుగుతారు, ఉన్నమాట అనేవాళ్ళు తగ్గుతారు. అందుకని నెలకొకరు సాటివాళ్ళ ముందు కుర్చీ ఎక్కి, తమకి తెగని సమస్య ఒకటి బయటపెట్టాలి. మిగతావాళ్ళు వినాలి. "నాకిలా జరిగింది" అని తమ అనుభవం చెప్పొచ్చు. "మీరిలా చెయ్యండి" అని సలహా మాత్రం ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళు ఆ రోజు టిఫిన్ నిలబడి తినాలి. బాపట్లలో బస్సులు నడిపే చలపతిరావు గారు ఈ ఆరేళ్ళలో కూర్చుని తిన్న ఇడ్లీలు బహు తక్కువ.

ఓసారి ఆ చలపతిరావు గారే కుర్చీ ఎక్కి, ఇరవై కొత్త బస్సులు కొంటున్నానని ప్రకటించారు.

"సమస్య ఏంటండి?" అని అడిగింది మనీషా. బాపట్ల, చీరాలల్లో రక్తపరీక్షల ల్యాబులు నడిపే అమ్మాయి, అందరిలోకీ చిన్నది.

"సమస్యేం లేదమ్మా. నీలం రంగు వేయించాలా, ఎరుపు వేయించాలా అని."

కరుణాకర్ గారు చెయ్యెత్తారు. "నాకు భయమేస్తుందండి."

"నా బస్సులకి మీకెందుకండీ భయం?"

"ఇరవై బస్సులంటే ఇరవై మంది డ్రైవర్లండి. అందులో ఒకడికి పెళ్ళాంతో గొడవవుతుంది. ఒకడికి చూపు మందగిస్తుంది. ఒకడు చెప్పాపెట్టకుండా హైదరాబాదు పోతాడు. తలుచుకుంటేనే కాళ్ళు వణుకుతున్నాయి, చూడండి."

పంచె కాస్త ఎత్తి, కాళ్ళు నిజంగానే వణికించి చూపించారు. అందరూ పడీపడీ నవ్వారు. చలపతిరావు గారూ నవ్వారు. నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "అసలు సంగతి డ్రైవర్లు దొరకడం లేదండి," అన్నారు మెల్లగా. "ఉన్న బస్సులే ఆరు షెడ్డులో పడున్నాయి. ఇంట్లో కూడా చెప్పలేదు." ఆ రోజు సాయంత్రం దాకా డ్రైవర్ల గురించే మాట్లాడుకున్నారు. రంగుల ఊసు మళ్ళీ రాలేదు.

అయినా కార్లెక్కేటప్పుడు మనీషా, బృందంలోనే ఉన్న ధనమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ పెద్దాయన పక్కన గంట కూర్చుంటే నా సొంత ల్యాబులోకి వెళ్ళాలన్నా నాకు గుండె దడ అక్కా. ఆయన చేత మర్యాదగా మీటింగులు మానిపించే దారి చూడండి. మీకైతే భయం లేదు, మొహం మీదే చెప్పగలరు."

ధనమ్మ "చూద్దాంలే" అంది. ఆవిడది రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ. భర్త పోయిన నెలలోనే తాళాలు చేతిలోకి తీసుకుని, పదకొండేళ్ళుగా బోటువాళ్ళందరికీ ఐసు ఇస్తోంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున కూడా మిషన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. "ధనమ్మకి భయమంటే తెలీదు" అని ఆ దారి పొడుగునా చెప్పుకుంటారు. విని విని ఆవిడ ఆ పేరుని పొలం గట్టులా కాపాడుకుంటూ వచ్చింది. భయమేస్తే గొంతు పెంచేది. మరీ ఎక్కువగా వేస్తే ఎదురుగా ఉన్నవాళ్ళని తిట్టేది.

ఈ ఏడాది జూన్‌లో ఆవిడ తిట్లు బాగా పెరిగాయి. సముద్రంలో వేట నిషేధం ముగిసే రోజులు దగ్గరపడ్డాయని మిషన్ ఆన్ చేయించింది. వెనక గోడ వెంట పోయే పెద్ద పైపు పక్కగా నడుస్తుంటే కళ్ళు చురుక్కుమన్నాయి. అమ్మోనియా, నీళ్ళని గడ్డకట్టించడానికి పైపుల్లో తిప్పే విషపు గ్యాసు. ఐసు ఫ్యాక్టరీలో ఆ వాసన కాస్తో కూస్తో ఉండేదే, కానీ ఆ పైపు దగ్గర ఎన్నడూ లేదు. అది పగిలిందంటే లోపల పనిచేసే పద్నాలుగు మంది తలుపు దాకా కూడా రాలేరు.

"కోటిలింగం! ఈ పైపు ఆగుతుందా, ఆగదా?" అని అరిచింది.

మెకానిక్ కోటిలింగం పైపు వంక చూశాడు, అమ్మగారి వంక చూశాడు. "ఈ సీజను లాగించేద్దామమ్మగారూ. ఏం కాదు."

మార్చాలంటే ఇరవై రోజులు ఫ్యాక్టరీ ఆపాలి. బోట్లు నీళ్ళలోకి దిగేది సరిగ్గా ఆ ఇరవై రోజుల్లోనే. మొదటి వేటకి ఐసు ఇవ్వని ఫ్యాక్టరీ గడప బోటువాళ్ళు ఏడాదంతా తొక్కరు. పనివాళ్ళకి చెబితే పనిలోకి రారు, బంధువులకి చెబితే ఊరంతా చెప్పినట్టే. మిషన్ చప్పుడు కాస్త మారినా ధనమ్మ పైపు దగ్గరికి పరుగెత్తేది.

ఆ నెల కుర్చీ ఆవిడదే. చోటు కూడా ఆవిడ ఫ్యాక్టరీ ఆఫీసు గదే. పైపు మాట పొరపాటున కూడా ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుని, పైకి చూపించడానికి చిన్న సమస్య ఒకటి సిద్ధం చేసుకుంది. ఫ్యాక్టరీకి కొత్త బోర్డు పెట్టించాలా వద్దా అని. అతిథులొస్తున్నారన్న వంకతో ఆ పూటకి మిషన్ ఆపించింది. అన్నీ కుదిరాయి కానీ, కరుణాకర్ గారి గురించిన భయం ఒక్కటే మిగిలింది. ఎదుటివాళ్ళు దాచుకున్న భయాన్ని ఆయన ముక్కు ఇట్టే పసిగడుతుందేమోనని.

కరుణాకర్ గారు ఎనిమిదింటికే దిగారు. కుర్చీలన్నీ ఊపి చూశారు, ఫ్యాను కింద నుంచి తన కుర్చీ పక్కకి లాక్కున్నారు. "నాకు భయమేస్తుంది చెల్లెమ్మా. మరీ నిశ్శబ్దంగా ఉంది."

"ఫ్యాక్టరీ అన్నాక ఒక్కోపూట నిశ్శబ్దంగా ఉండదేంటండి!" అని కసిరింది ధనమ్మ. ఆయన మీసం కింద ఏదో సణుక్కుని ఊరుకున్నారు.

పదింటికి అందరూ చేరారు. చలపతిరావు గారు వస్తూనే మనీషాకి ల్యాబు అద్దె గురించి సలహా ఒకటి పారేసి, నిలబడి పెసరట్టు తింటున్నారు. అంతలో వెనక వైపు నుంచి కేక వినిపించింది. "పాము! గోనెసంచుల దగ్గర పాము!"

చలపతిరావు గారు పెసరట్టుతో సహా బల్లెక్కేశారు. మనీషా బీరువా వెనక్కి వెళ్ళింది. కరుణాకర్ గారు కనిపించలేదు. అందరికంటే ముందే పారిపోయుంటారని ఒకరు నవ్వారు. భయం తెలీని మనిషి కనుక ధనమ్మకి వెళ్ళక తప్పలేదు. కర్ర పుచ్చుకుని, పెరటి తలుపులోంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

గోనెసంచుల పక్కన కరుణాకర్ గారు గొంతుక్కూర్చుని ఉన్నారు. బారెడు పాముని తోక దగ్గర పట్టుకుని పైకి లేపి, "పదమ్మా, ఇక్కడ నీకేం పని," అంటూ గోడవతల పొలంలోకి మెల్లగా వదిలారు. జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నారు. మీసం సవరించుకున్నారు. అప్పుడు మొహం నిండా భయం తెచ్చుకుని, "అమ్మో! పాము!" అని అరవడానికి నోరు తెరిచి, ధనమ్మని చూసి ఆగిపోయారు.

"అన్నయ్యగారూ, ఏంటిది?"

"జెర్రిపోతమ్మా. విషం ఉండదు."

"నేనడిగేది పాము గురించి కాదండి."

ఆయన అటూ ఇటూ చూశారు. "ఎవరికీ చెప్పకు చెల్లెమ్మా."

"అంటే ఆరేళ్ళుగా అంతా నాటకమా? గేట్లూ, స్టెప్నీలూ?"

"గేటు నిజం. స్టెప్నీలు నిజం. మిగతావి కొంచెం పెంచి చెబుతుంటాను." కాసేపు చేతులు నలుపుకున్నారు. "మా నాన్నగారు సంగం జాగర్లమూడిలో బడిపంతులు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. గొంతు ఘోరం. ఓ ఆదివారం గుంటూరు నుంచి మంచి పాటగాడొకాయన వచ్చి ఎత్తుకున్నాడు. అందరూ నోళ్ళు మూసుకుని విన్నారు, ఒక్కళ్ళు గొంతు కలపలేదు. అదే మా నాన్నగారు ఎత్తుకుంటే పళ్ళూడిన ముసలమ్మలు కూడా పాడేవాళ్ళు. ఈయన కంటే మనమే నయమని."

ధనమ్మ చేతిలో కర్ర దించింది.

"లోపలున్నవాళ్ళందరివీ పెద్ద గొంతులమ్మా. ఎవడో ఒకడు ముందు వణక్కపోతే రెండోవాడు నోరు విప్పడు. నాకు పోయేదేముంది? నవ్వుతారు. నవ్వాక మనిషి తేలికపడతాడు." ఆయన ఆగిపోయిన మిషన్ వైపు చూశారు. "సీజను ముందు మిషన్ ఆగి ఉందేంటని పొద్దున్నుంచీ అడగాలనుంది. అడగను. లోపలికెళ్ళి నేను భయపడతాను. నీకు ఇష్టమైతే గొంతు కలుపు."

అందరూ సర్దుకుని కూర్చున్నాక ధనమ్మ కుర్చీ ఎక్కింది. "నా సమస్య ఏంటంటే, ఫ్యాక్టరీకి కొత్త బోర్డు..."

"నాకు భయమేస్తుందండి," అన్నారు కరుణాకర్ గారు. "ఆ బోర్డు ఊడి నా నెత్తి మీద పడితే? ముందే తెలిస్తే హెల్మెట్ తెచ్చుకునేవాణ్ణి."

గదంతా గొల్లుమంది. ధనమ్మకి నవ్వు రాలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"బోర్డు కాదండి," అంది. "పైపు. అది పగిలిపోతుందేమోనని పది రోజులుగా చచ్చిపోతున్నాను. నాకు చాలా భయంగా ఉంది."

ఆ మాట ఆవిడ నోటి వెంట రావడం అక్కడ ఎవరూ ఎరగరు. చలపతిరావు గారు ఏదో చెప్పబోయి, రెండు చేతులతో నోరు మూసుకుని, మాట మింగేసి, మళ్ళీ మొదలుపెట్టారు. "నాకిలా జరిగిందండి. ఓ బస్సు బ్రేకు మీద అనుమానం ఉండి కూడా, రద్దీ రోజని పంపించేశాను. ఏం కాలేదు. బస్సు క్షేమంగా తిరిగొచ్చింది. అది తిరిగొచ్చేదాకా ఐదు గంటలు ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తులేదు. ఎందుకైనా మంచిదని ఇప్పటికీ అన్ని గుళ్ళూ తిరుగుతున్నాను."

మనీషా తను అనుమానం ఉంచుకుని పంపిన ఒక రిపోర్టు గురించి చెప్పింది. మిషన్ ఆపమని ఎవరూ అనలేదు, నడపమనీ అనలేదు. వాళ్ళ అనుభవాలు వింటుంటే తనేం చెయ్యాలో ధనమ్మకే తేటపడింది. వెళ్ళేటప్పుడు మనీషా చెవిలో అడిగింది. "ఆయన్ని మానిపించే సంగతి ఏమైందక్కా?"

"భయమేసి అడగలేదు," అంది ధనమ్మ.

సోమవారం పొద్దున్నే పనివాళ్ళని పిలిచింది. గొంతు పెంచకుండా మాట్లాడటం అలవాటు లేక మాట ఒకటి రెండుసార్లు తడబడింది. "ఆ పైపంటే నాకు భయంగా ఉంది. మిషన్ ఆన్ చెయ్యడం లేదు. మార్చేస్తున్నాం."

కోటిలింగం పెద్దగా ఊపిరి వదిలాడు. "నాకూ భయమేనమ్మగారూ. ఆ రోజే చెబుదామనుకున్నా. మీరు దేనికీ భయపడరు కదా, నేను భయపడితే ఏం బాగుంటుందని ఊరుకున్నా."

ఇద్దరూ ఒకే పైపు పక్కన నిలబడి, ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. తన ధైర్యం పేరు పద్నాలుగు మందిని పొట్టన పెట్టుకునేదే అనుకుంది. పోటీ ఫ్యాక్టరీకి తనే వెళ్ళి అడిగి, బోటువాళ్ళకి అక్కణ్ణుంచి ఐసు ఇప్పించింది. ముగ్గురు బోటువాళ్ళు అక్కడే ఉండిపోయారు.

గురువారం పైపు విప్పారు. గోరుతో గీకితే పెచ్చులుగా రాలింది. ధనమ్మ వెంటనే తెనాలికి ఫోన్ చేసి చెప్పింది.

"ఉన్నారా అన్నయ్యగారూ?"

"ఉన్నానమ్మా." "భోజనం చేశావా?"

అప్పటికి పొద్దున్న పదే అయింది. ఈయనకి నిజంగా భయం వేసిందని ధనమ్మకి అర్థమైంది. "చేశానండి," అంది మెత్తగా.

మధ్యాహ్నం విప్పిన మిషన్ పక్కన నేల మీదే కూర్చుని, కోటిలింగాన్ని కూడా కూర్చోమంది. "నాకు చెప్పని భయాలు ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మగారూ." వేళ్ళు మడుస్తూ చెప్పాడు. మెట్ల మీద నాచు. మోటారు వైరు. బిగుసుకుపోయిన వెనక తలుపు గడియ. నాలుగో వేలు దగ్గర ఆగాడు.

"చెప్పవయ్యా."

"అన్నిటికన్నా పెద్దది మీరేనమ్మగారూ."

ధనమ్మ గొంతు అలవాటు కొద్దీ పైకి లేవబోయింది. ఆపుకుంది. "అది బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

కోటిలింగం మిషన్‌ని పరీక్షించినట్టే ఆవిడ మొహాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

"సగం పని అయిపోయిందమ్మగారూ," అన్నాడు. "మిగతా సగానికి ఫ్యాక్టరీ ఆపక్కర్లేదు."